అమీర్‌పేటలో వదిలేసిన పాఠం

హారిసన్‌లో జూలై పొద్దున ఏడింటికి కారు అద్దం మీద మంచు గీకుతూ నిలబడితే ఎంతటివాడికైనా తన బతుకు మీద కొన్ని అనుమానాలు వస్తాయి. 2023 జూలైలో నాకు ఆ గీకుడు కూడా లేదు. వెళ్ళడానికి ఆఫీసు లేదు కనుక కారు మంచుతోనే ఉండిపోయేది. అనుమానాలు మాత్రం టంచనుగా వచ్చేవి.

హారిసన్ ఎక్కడుందంటారా? కాన్‌బెర్రాకి ఉత్తరాన గంగాలిన్ అనే ప్రాంతంలో ఒక పేట. (పేరులో గంగ ఉంది కదా అని మా అమ్మ విన్నప్పటి నుంచీ నిశ్చింతగా ఉంది.) రాజధాని కట్టిన కమిషన్‌లో మొదటి చీఫ్ ప్లానర్‌గా చేసిన పీటర్ హారిసన్ పేరు దీనికి పెట్టారు. 2019 ఏప్రిల్‌లో ట్రామ్ వచ్చింది. నల్లార్బోర్ ఎవెన్యూ స్టాపులో ఎక్కితే అరగంట లోపే సిటీలో దిగొచ్చు. దిగితే చుట్టూ గవర్నమెంటు ఆఫీసులే. ఈ ఊళ్ళో మా బోటి వెబ్ డెవలపర్ల కూడూ గుడ్డా చాలావరకు గవర్నమెంటు వెబ్‌సైట్లే.

నేనూ అలాంటి ఒక కాంట్రాక్టులో ఉండేవాణ్ణి. ఎక్కడన్నది వద్దులెండి. జనం దరఖాస్తు పెట్టుకునే ఒక ఫారం కట్టాను. రియాక్ట్‌లో కట్టాను. నలభై దాటాక రాత్రిళ్ళు కూర్చుని నేర్చుకున్న రియాక్ట్ అది, కాస్త గర్వం కూడా ఉండేది. తేదీ ఎంచుకునే క్యాలెండరు జారుతూ తెరుచుకునేది, బటన్లు మెల్లగా రంగు మారేవి. మే నెలలో పరీక్షించడానికి ఒక ఉద్యోగిని వచ్చి కూర్చుంది. ఆవిడకి చూపు లేదు. స్క్రీన్ రీడర్ అనే ప్రోగ్రాము పేజీని చదివి వినిపిస్తుంటే కీబోర్డుతో పని చేసుకుంటుంది. మేమూ వినాలని ఇయర్‌ఫోన్లు తీసేసి స్పీకరు పెట్టింది.

నా ఫారం ఇలా మాట్లాడింది: "క్లికబుల్... క్లికబుల్... గ్రాఫిక్... బటన్... క్లికబుల్."

ఏ బటన్? ఏం గ్రాఫిక్? దానికి తెలీదు, నేను చెప్పలేదు కనుక. జారే క్యాలెండరు దగ్గరకి ట్యాబ్ కీతో చేరే దారే లేదు. ఇరవై నిమిషాలు ఓపిగ్గా తిప్పలు పడి, ఎక్కడా కోపం లేకుండా అడిగిందావిడ: "ఇది పూర్తి చెయ్యాలంటే నేను ఇంటికెళ్ళి మా ఆయన్ని అడగాలా?"

జూన్ 30కి ఇక్కడ ఆర్థిక సంవత్సరం అయిపోతుంది. నా కాంట్రాక్టు పొడిగించలేదు. కారణం ఆ ఫారమే అని ఎవరూ అనలేదు, బడ్జెట్ అన్నారు. బడ్జెట్ అనే మాటకి ఎన్ని అర్థాలున్నాయో కాంట్రాక్టరుగా పని చేసినవాడికి చెప్పక్కర్లేదు. ఇంటి అప్పుకి మరో పంతొమ్మిదేళ్ళుంది. మా ఆవిడ అడిగిందల్లా ఒకటే, "ఇంతకీ నీకు ఏం రాదన్నారు?" అని.

ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ వెనక్కి వెళితే ఇరవై మూడేళ్ళ వెనక, అమీర్‌పేటలో తేలాను.

2000 సంవత్సరం, వేసవి. బాపట్లలో మెకానికల్ ఇంజనీరింగు అయింది, ఉద్యోగం లేదు. అంతకు ఏడాదిన్నర ముందు, 1998 నవంబరులో, వాజ్‌పేయి గారు వచ్చి సైబర్ టవర్స్ ప్రారంభించి వెళ్ళారు. ఆ టవర్లకి దారి ఎటు అని ఏ కుర్రాణ్ణి అడిగినా మైత్రీవనం వైపు చూపించేవాడు. మైత్రీవనం, దాని పక్కన ఆదిత్య ఎన్‌క్లేవ్, మెట్ల మీద, గోడల మీద, కరెంటు స్తంభాల మీద కోర్సుల పేర్లు. ఎస్.ఆర్. నగర్‌లో గదికి ఐదుగురం. నేను చేరింది "వెబ్ డిజైనింగ్ ప్లస్ ఏ.ఎస్.పి." అనే నలభై ఐదు రోజుల కోర్సు. అందులో హెచ్.టి.ఎం.ఎల్.కి నాలుగు రోజులు. మిగతా రోజులన్నీ డేటాబేసుకి కనెక్షన్ ఇవ్వడం, రికార్డులు తెచ్చి చూపించడం, ఇంటర్వ్యూ ప్రశ్నలు.

రెండో రోజు బొమ్మలు పెట్టడం చెప్పారు సారు. ఇమేజ్ ట్యాగ్‌లో ఫైలు పేరు రాయండి, వెడల్పు రాయండి, ఎత్తు రాయండి. ఎవడో అడిగాడు, పుస్తకంలో ఆల్ట్ అని ఇంకోటి ఉంది సార్, అదేంటని. "బొమ్మ రాకపోతే దాని బదులు కనపడే మాట. మన బొమ్మ ఎందుకు రాదు? ఆల్ట్ దండగ, ఇంటర్వ్యూలో అడగరు." క్లాసంతా నవ్వాం. నా నోట్సులో "ఆల్ట్ - అక్కర్లేదు" అని రాసుకున్నాను కూడా.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఆ సారు మంచి సారు. పొద్దున ఆరింటికి మొదలుపెట్టి రాత్రి పదిదాకా బ్యాచి తర్వాత బ్యాచికి గొంతు పోయేలా చెప్పేవారు, ఫీజు రెండు విడతలుగా ఇస్తామంటే సరేననేవారు. ఇంగ్లీషు రాని జిల్లాల పిల్లలకి తెలుగులో పాయింటర్లు చెప్పి ఉద్యోగాల దాకా తోసిన చోటు అది. అమీర్‌పేటని వెక్కిరించేవాళ్ళంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మంటే. కానీ అక్కడి పాఠానికి ఒకటే కొలబద్ద, ఇంటర్వ్యూలో అడుగుతారా అడగరా. అడగనిది లేనట్టే. నిజానికి 1997 డిసెంబరులో వచ్చిన హెచ్.టి.ఎం.ఎల్. 4 ఆ ఆల్ట్‌ని తప్పనిసరి చేసేసింది. 1999 మేలో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యు3సి, అంగవైకల్యం ఉన్నవాళ్ళకి పేజీలు అందేలా ఎలా కట్టాలో చెప్పే డబ్ల్యుక్యాగ్ అనే నియమావళి మొదటి ప్రతి విడుదల చేసింది. మా జిరాక్సు మెటీరియల్‌లోకి ఆ రెండూ రాలేదు.

ఇక్కడే కథ సముద్రం దాటుతుంది. మేం అమీర్‌పేటలో నవ్వుకుంటున్న ఆ నెలల్లోనే సిడ్నీలో ఈ ఆల్ట్ మీద ఒక వ్యాజ్యం నడుస్తోంది.

బ్రూస్ మాగ్వైర్ అనే ఆయన పుట్టంధుడు. బ్రెయిలీ చుక్కలు పైకీ కిందకీ కదిలే ఒక పరికరం సాయంతో ఇంటర్నెట్ చదివేవాడు. 2000 సెప్టెంబరులో సిడ్నీ ఒలింపిక్స్. నిర్వాహక సంఘం సోకాగ్ పెట్టిన వెబ్‌సైటులో బొమ్మలకి ఆల్ట్ మాటల్లేవు. క్రీడల సూచికకి కార్యక్రమం పేజీ నుంచి వెళ్ళే దారి ఆయనకి అందదు. ఫలితాల పట్టికలు చదవడానికి వీల్లేదు. 1999 జూన్‌లో ఆయన మానవ హక్కుల కమిషన్‌కి ఫిర్యాదు చేశాడు, 1992 నాటి వికలాంగుల వివక్ష నిరోధక చట్టం కింద.

సోకాగ్ వాదన ఏమిటంటే, అది మోయలేని భారం. పన్నెండు వందల తొంభై అయిదు టెంప్లేట్లు మార్చాలి, ఒక మనిషి రోజుకి ఎనిమిది గంటలు పని చేస్తే 368 రోజులు పడుతుంది అని లెక్క చెప్పారు. (ఎస్టిమేటు అంటే ఏమిటో తెలిసిన నాబోటివాళ్ళకి ఆ 368 చదవగానే చిరునవ్వు వస్తుంది. 365 కాదు, 370 కాదు, 368!) ఆ సైటు కట్టింది ఐ.బి.ఎం. మాగ్వైర్ తరఫున ఇద్దరు నిపుణులు సాక్ష్యం చెప్పారు. ఒకరు కెనడా నుంచి యుట్టా ట్రెవిరానస్, రెండోవాడు మా కాన్‌బెర్రా మనిషే, టామ్ వర్థింగ్టన్. అన్ని టెంప్లేట్లు ఉండవు, ఒక్కోదానికి అంత సమయమూ పట్టదు, అనుభవం ఉన్న డెవలపరు ఒకరు, సాయానికి అయిదు నుంచి పది మంది ఉంటే నాలుగు వారాల పని అని తేల్చారు. 2000 ఆగస్టు 24న కమిషనర్ విలియం కార్టర్ తీర్పిచ్చాడు: ఇది వివక్షే, సెప్టెంబరు 15 లోగా సరిచెయ్యండి. సెప్టెంబరు 15 అంటే ఒలింపిక్స్ ప్రారంభోత్సవం రోజు. వాళ్ళు పూర్తిగా సరిచెయ్యలేదు. ఆటలయ్యాక, నవంబరులో, మాగ్వైర్‌కి ఇరవై వేల డాలర్లు నష్టపరిహారం ఇమ్మన్నారు.

వెబ్‌సైటు అందరికీ అందకపోవడం చట్టరీత్యా తప్పు అని ఒక దేశం చెప్పిన తొలి కేసుల్లో ఇదొకటి. ఆ ఆటల్లోనే కరణం మల్లీశ్వరి కంచు పతకం ఎత్తింది. మేమంతా హాస్టల్ టీవీ ముందు ఈలలు వేశాం. ఆ వెబ్‌సైటుని మా సారు క్లాసులో తెరిచి, "చూడండి, ప్రపంచంలో పెద్ద సైటు, ఇలా కట్టాలి" అని చూపించారు కూడా. ఆ సైటు మీద తీర్పొచ్చిందని నేను చదివింది 2023 జూలైలో, హారిసన్‌లో, హీటరు పక్కన కూర్చుని.

ఇంకో తమాషా చెప్పాలి. టామ్ వర్థింగ్టన్ అంతకు ముందు ఆస్ట్రేలియన్ కంప్యూటర్ సొసైటీకి అధ్యక్షుడిగా చేసినవాడు. ఏ.సి.ఎస్. అంటే ఇక్కడికి రావాలనుకునే మన ప్రతి సాఫ్ట్‌వేర్ వాడికీ గుండె దడ. మన డిగ్రీలు, అనుభవం లెక్కగట్టి సరే అనేది వాళ్ళే. 2008లో నేనూ కాగితాలన్నీ నోటరీ చేయించి పంపాను, అర్హుడే అని ఉత్తరం వచ్చింది, ఆ ఉత్తరానికి పసుపు కూడా రాసింది అమ్మ. వాళ్ళ మాజీ అధ్యక్షుడు సాక్ష్యం చెప్పిన విషయమే నాకు తెలీదన్నది మాత్రం ఏ కాగితంలోనూ లేదు.

మరి ఈ మధ్య ఇరవై ఏళ్ళూ నేను నేర్చుకోకుండా కూర్చున్నానా అంటే, అదే కదా విచిత్రం, నేర్చుకోని ఏడాది లేదు. 2002లో డాట్‌నెట్ వచ్చింది, ఏ.ఎస్.పి. పాతదైంది. 2005లో జెస్సీ జేమ్స్ గారెట్ ఏజాక్స్ అని పేరు పెట్టాడు, ఆర్నెల్లలో అందరి రెజ్యూమేల్లో ఏజాక్స్. 2006లో జెక్వెరీ. మధ్యలో ఫ్లాష్ నేర్చుకుని రెండేళ్ళు బతికాను. 2010లో స్టీవ్ జాబ్స్ దాని మీద బహిరంగ లేఖ రాశాడు, 2020 డిసెంబరు 31తో అది కాటికి పోయింది. అదే 2010లో ఈథన్ మార్కాట్ వ్యాసంతో రెస్పాన్సివ్ డిజైన్. ఆంగ్యులర్ నేర్చుకుంటే 2016లో అదే పేరుతో వేరే ఆంగ్యులర్ వచ్చింది. తర్వాత రియాక్ట్. ప్రతిసారీ నాది అమీర్‌పేట పద్ధతే: నలభై ఐదు రోజులు, మెటీరియలు, ఇంటర్వ్యూ ప్రశ్నలు. పై అంతస్తు మారిన ప్రతిసారీ కొత్తగా రంగేశాను, పునాదిలో రెండో రోజు వదిలేసిన ఇటుక వైపు చూడలేదు. డివ్ అనే ఖాళీ డబ్బాకి రంగులేసి బటన్ అని నేననుకున్నాను. అసలు బటన్ ట్యాగ్ వాడితే కీబోర్డుతో నొక్కడం, స్క్రీన్ రీడరుకి పేరు చెప్పడం బ్రౌజరే చూసుకుంటుంది. కళ్ళున్నవాడికి తేడా కనపడదు కనుక పాతికేళ్ళు గడిచిపోయింది.

అడగలేదు అనడానికి కూడా లేదు. 2010లోనే ఇక్కడి ఫెడరల్ గవర్నమెంటు తన సైట్లన్నీ 2014 చివరికల్లా డబ్ల్యుక్యాగ్ 2.0 రెండో స్థాయికి చేరాలని గడువు పెట్టుకుంది. మా టీముల్లో దాన్ని "ఆఖర్లో చూద్దాం" అనే డబ్బాలో వేసేవాళ్ళం. ఆఖరు ఎప్పుడూ రాదు, రిలీజు వస్తుంది.

2024 సంక్రాంతికి హైదరాబాదు వెళ్ళినప్పుడు అమీర్‌పేటలో మెట్రో దిగి ఒక చుట్టు తిరిగాను. సత్యం థియేటరు లేదు, అక్కడ 2023లో ఏఏఏ సినిమాస్ తెరిచారు. బోర్డుల మీద డేటా సైన్స్, డెవాప్స్, జెనరేటివ్ ఏఐ. ఒక కౌంటరు దగ్గర నిలబడి యాక్సెసిబిలిటీ చెబుతారా అని అడిగాను. ఆ అమ్మాయి పాపం కంప్యూటర్లో వెతికి, "మైక్రోసాఫ్ట్ యాక్సెస్ ఉంది అంకుల్, వారాంతం బ్యాచ్" అంది. ఇప్పుడు కోడంతా ఏఐ రాస్తుంది కదా, ఇవన్నీ ఎందుకంటారా? అదీ మనలాంటివాళ్ళు రాసిన పేజీలు చదివే నేర్చుకుంది. గట్టిగా అడక్కపోతే డివ్ బటన్లే ఇస్తోంది, నేను చూశాను.

సరే, 2023 జూలైకి వద్దాం. ఈసారి కోర్సు కొనలేదు. ఆవిడ వాడిన స్క్రీన్ రీడరే దించుకున్నాను, ఎన్.వి.డి.ఎ. దాని పుట్టుక కూడా ఈ దేశంలోనే. మైకేల్ కరన్, జేమ్స్ తే అని ఇద్దరు అంధులైన కుర్రాళ్ళు, చిన్నప్పుడు అంధబాలల సంగీత శిబిరంలో కలిశారట. అప్పట్లో స్క్రీన్ రీడరు కొనాలంటే కంప్యూటరు కన్నా ఎక్కువ ఖర్చు. 2006లో కరన్ సొంతంగా పైథాన్‌లో రాయడం మొదలుపెట్టాడు, తే తోడయ్యాడు. ఉచితం. మన దేశంలో కూడా ఎందరో దీని మీద ఆధారపడి చదువుకుంటున్నారు.

మొదటి వారం మౌసు తీసి సొరుగులో పడేశాను. రెండో వారం మానిటరు ఆపేశాను. నా పాత ఫారం నకలు ఒకటి ఇంట్లో మళ్ళీ మొదటి నుంచి కట్టాను, ఒక్కో పేజీ కట్టి కళ్ళు మూసుకుని నింపడం. క్యాలెండరు తీసేసి తేదీ, నెల, సంవత్సరం అని మూడు డబ్బాలు, ఒక్కోదానికి లేబుల్. మూడు డబ్బాలు! దానికోసం నేను రెండు వారాలు క్యాలెండరు కట్టాను. మా అమ్మాయి గుమ్మంలో నిలబడి, చీకట్లో కంప్యూటరుతో మాట్లాడించుకుంటున్న నాన్నని చూసి నెమ్మదిగా తలుపేసి వెళ్ళింది. నలభై ఆరేళ్ళ వయసులో ట్యాబ్ కీ నొక్కడం నేర్చుకుంటున్నానంటే నవ్వులాటగా ఉంటుంది గానీ, నాకు చెమటలు పట్టిన రాత్రులున్నాయి. ఎక్కడున్నానో తెలీదు, వెనక్కి ఎలా వెళ్ళాలో తెలీదు. మేలో ఆవిడ ఇరవై నిమిషాలు అలా కూర్చుంది, నలుగురి ముందు.

ఆ ఊపులో పాత పేజీలన్నీ దానికి చదివించడం మొదలుపెట్టాను. నా మొట్టమొదటి సైటు 2001లో మా అమ్మమ్మగారి ఊరి గుడికి చేసింది. సీడీలో ఉంది. సీడీ పెట్టే పరికరం మళ్ళీ కొనాల్సొచ్చింది. తెరిస్తే ఎన్.వి.డి.ఎ. ఏవో ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు గొణిగింది. ఒక్క తెలుగు ముక్క లేదు.

పాతవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. అప్పటి తెలుగు పేజీలు తెలుగు కాదు. ఈనాడు ఫాంటు వేరు, వార్త ఫాంటు వేరు, మాది ఇంకోటి. ఫైల్లో ఉండేవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. వాటి మీద తెలుగు ఆకారాలు తొడిగేవాళ్ళం. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచే ఉంది, 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది, కానీ నెట్ సెంటర్లలో ఉన్నవి విండోస్ 98లు. కంటికి తెలుగు కనపడితే చాలు, అదే మా లెక్క. వెతికితే దొరకదు, కాపీ చేస్తే చెత్త, చెవికి అసలే అందదు. తర్వాత నాగార్జున వెన్న గారు ఆ పాత ఫాంట్లని యూనికోడ్‌లోకి మార్చే పద్మ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింత రాశారు, ఎన్నో పేజీలు అలా ఒడ్డున పడ్డాయి. మా ఫాంటు అందులో లేదు.

అందుకని నేనే పట్టిక రాశాను. ఏ గుర్తుకి ఏ ముక్క, జావాస్క్రిప్ట్‌లో. అనుకున్నంత తేలిక కాదు. తలకట్టు వేరే ముక్క, కొమ్ము వేరే ముక్క. "క్ర" రాయాలంటే ఆ ఫాంటులో రవత్తు ముందు కొట్టి క తర్వాత కొట్టాలి, కంటికి అదే వరస కనుక. యూనికోడ్‌లో పలికే వరస, క ముందు. అయిదు రాత్రులు పట్టింది. ఆరో రాత్రి ఎన్.వి.డి.ఎ. తెలుగు గొంతు, తెలుగు నేర్చుకున్న రోబో గొంతులా, "ఉదయం ఆరు గంటలకు సుప్రభాత సేవ" అంది. లేచి నిలబడ్డాను.

ఆ వెంటనే "గ్రాఫిక్, గుడి డాట్ జిఫ్" అంది. అది గోపురం ఫొటో. ఆల్ట్ లేదు.

ఏం రాయాలో తోచలేదు. ఫొటో తపాలా బిళ్ళంత, మసక. అమ్మకి ఫోన్ చేశాను, ఆ గోపురం ఎలా ఉంటుందే అని. "ఎలా ఉంటుందేంట్రా, చూళ్ళేదా నువ్వు? మూడంతస్తులు. పైన అయిదు కలశాలు. చివరిది కొంచెం వంగి ఉంటుంది, డెబ్భై ఏడు తుఫానుకి వంగింది, బాగు చేయిస్తామన్నారు, చేయించలా. కింద గుమ్మంలో ఎడం పక్క రావిచెట్టు." నేను కొడుతున్నాను. "ఇవన్నీ ఇప్పుడెందుకు? ఉద్యోగం దొరికిందా?"

దొరికిందమ్మా, వచ్చే సోమవారం నుంచి, అన్నాను. పరీక్షలో కంప్యూటరు ముందు కూర్చోబెట్టి మౌసు తీసేశారు. రేటు మునుపటి కన్నా తక్కువ.

"పర్మనెంటా?"

"ఆరు నెలలకి."

"సరే. రావిచెట్టు రాశావా?"